పీపీ65 పరీక్షలో మెరిసే కణాలు ఎందుకు తగ్గుతున్నాయి?

మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నాను. మూత్రపిండ మార్పిడి జరిగిన రోగుల రక్తంలో సైటోమెగలో వైరస్ సోకిన తెల్లకణాలను పీపీ65 యాంటిజెన్ (ఆ వైరస్ ప్రోటీన్) పరీక్షతో లెక్కిస్తున్నాం. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్లకణం) కేంద్రకం ఆకుపచ్చగా మెరిస్తే పాజిటివ్. 2 లక్షల తెల్లకణాలకు అలాంటివి ఎన్ని అన్నదే లెక్క.

చిక్కంతా నమూనాతోనే. రక్తం తీసిన 6 నుంచి 8 గంటల్లోపు స్లైడు చేయాలంటారు. మాకు అది చేరేసరికే సాయంత్రమవుతుంది! రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున చేసిన స్లైడులో మెరుపు వెలవెలబోతోంది. పైగా కొందరిలో న్యూట్రోఫిల్స్ మరీ తక్కువ, కణాలు పోగుచేయడమే గగనం. అలాంటి వాటికి నెగటివ్ అని రాయడానికి చేతులు రావడం లేదు.

ఈ పరీక్ష స్వయంగా చేసినవారు చెప్పగలరా: ఫిక్సింగ్‌కు (కణాలను స్లైడుపై స్థిరపరచడానికి) ఫార్మాల్డిహైడ్ మేలా, అసిటోనా? న్యూట్రోఫిల్స్ పడిపోయిన రోగుల నమూనాలను నేరుగా పీసీఆర్‌కే (వైరస్ డీఎన్ఏను వెతికే పరీక్షకే) పంపుతారా?