నాన్నతో రైల్లో యూరప్: ఆరేడు దేశాలా, రెండు మూడా?

విల్లివాక్కం అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది కావలి, ఉండేది చెన్నై విల్లివాక్కంలో. నాన్న పెరంబూర్ ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు కట్టే ఫ్యాక్టరీలో, వెల్డింగ్ చేసి రిటైరయ్యారు. ఐసీఎఫ్ 1955లో స్విట్జర్లాండ్ వాళ్ల సహకారంతోనే మొదలైంది. ఆ కోచ్ డిజైన్ జూరిక్ పక్కన ష్లీరెన్ అనే ఊళ్లోని కంపెనీది. 2018 దాకా ఇక్కడ ఆ డిజైన్ కోచ్‌లే కడుతూ వచ్చారు. నాన్న సర్వీసంతా దాదాపు వాటితోనే గడిచింది. ఆ ఊరు ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. ఈసారి ఎలాగైనా తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాను.

నాన్న, అమ్మ ఇద్దరూ అరవై దాటినవాళ్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చేతిలో రెండు వారాలుంటాయి. ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రేగ్, వియన్నా, వెనిస్, జూరిక్ అన్నీ యూరెయిల్ పాస్ (చాలా దేశాల రైళ్లకి ఒకటే టికెట్) మీద చుట్టేసి, మధ్యలో రాత్రి రైళ్లెక్కితే హోటల్ ఖర్చు మిగులుతుందని లెక్క వేశాను. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఇది కుదురుతుందా? వీసా ఏ దేశానికి పెట్టాలి? అమ్మ బయట తిండి తినదు, ఆ టెన్షన్ వేరే.

యశ్వంతపూర్ ప్రయాణికుడు:
మీ నాన్నగారి కోరిక చదివి చాలా సంతోషమేసిందమ్మా. నేను మా అమ్మానాన్నల్ని బెంగళూరు నుంచి తీసుకెళ్లాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఆ ఏడు ఊళ్ల ప్లాన్ వదిలేయండి. పెద్దవాళ్లు అలిసిపోయేది కిలోమీటర్ల వల్ల కాదు, రైలు మారిన ప్రతిసారీ పెట్టెలు దించి ఎక్కించడం వల్ల. అక్కడ కూలీలు దొరకరు. చాలా స్టేషన్లలో రైలు ఆగేది రెండు నిమిషాలే. తలుపు దానంతట అది తెరుచుకోదు, బటన్ నొక్కాలి. పెద్ద సూట్‌కేసు ఒకటి కాకుండా, తలా ఒక చిన్నది పెట్టుకోండి.

ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, చివర్లో కొంచెం ఇటలీ. అంతే చాలు. వియన్నాలో దిగండి. అక్కడినుంచి జూరిక్‌కి పగటి రైలు ఇన్స్‌బ్రుక్ మీదుగా ఎనిమిది గంటల లోపే వెళ్తుంది. ఆర్ల్‌బెర్గ్ కొండల్లో 1884 నాటి పది కిలోమీటర్ల సొరంగం దాటి, లీష్టెన్‌స్టైన్ అనే చిట్టి దేశంలోంచి ఆగకుండా పోతుంది. జూరిక్ నుంచి ష్లీరెన్ లోకల్ రైల్లో కొన్ని స్టాపులే. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది, ఆ స్థలంలో ఇప్పుడు వేరే సంస్థలున్నాయి. ఆ సంగతి నాన్నగారికి ముందే చెప్పండి. అయినా ఆయన ఆ స్టేషన్‌లో దిగాల్సిందే.

అసలు మజా ఆ తర్వాత. సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని తిరానో దాకా బెర్నినా లైను. తాంబరం మీటర్ గేజ్ కరెంటు రైళ్లు ఎక్కిన మనిషికి ఇది కూడా మీటర్ గేజేనని చెప్పి చూడండి! మన నీలగిరి రైలుకి పళ్ల పట్టా కావాలి. ఇక్కడ అదేమీ లేదు, ఉత్త చక్రాల పట్టుతోనే వందకి ఏడు వాలు ఎక్కుతుంది. 2,253 మీటర్ల ఎత్తుకి ఎక్కి, 429 మీటర్లకి దిగుతుంది. దిగేటప్పుడు బ్రూసియో దగ్గర రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి, అదే వంతెన కమాను కిందనుంచి బయటికొస్తుంది. అప్పుడు కిటికీలోంచి చూస్తే మనం ఇప్పుడే దాటొచ్చిన వంతెన పైన కనిపిస్తుంది. పెద్ద అద్దాల టూరిస్టు రైలుకి విడిగా రిజర్వేషన్ డబ్బు కట్టాలి. మామూలు రైలు అదే పట్టాల మీద, రిజర్వేషన్ లేకుండా వెళ్తుంది. నా ఓటు మామూలు రైలుకే. ఎక్కడ బాగుంటే అక్కడ దిగి, తర్వాతి రైలెక్కొచ్చు.

తిరానో నుంచి మిలాన్‌కి ప్రాంతీయ రైలు కోమో సరస్సు ఒడ్డునే పోతుంది. మిలాన్‌లో విమానం ఎక్కేయండి.

నుంగంబాక్కం వదిన:
వీసా గురించి నేను చెబుతాను. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకటే వీసా) పెట్టాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పై ప్లాన్ ప్రకారమైతే మీది స్విస్ వీసా అవుతుంది. ఆరు నెలల ముందునుంచే పెట్టుకోవచ్చు. మే, జూన్‌లో వెళ్లాలంటే అపాయింట్‌మెంట్లకి గిరాకీ ఎక్కువ, సంక్రాంతి దాటగానే మొదలుపెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్ మాత్రం వీసా చేతికొచ్చాకే కొనండి, ఫోన్‌లోకే వస్తుంది. అరవై దాటితే పది శాతం తగ్గింపు కూడా ఉంది.

తిండి విషయానికొస్తే, నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు పెట్టెలో పెట్టొద్దమ్మా. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాలనుంచి యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. గోంగూర పచ్చడి, కందిపొడి, అటుకులు, చింతపండు పులుసు ముద్ద తీసుకెళ్లండి. పులిహోర పులుసు ఉంటే ఏ ఊళ్లోనైనా బియ్యం కొని వండుకోవచ్చు. హోటల్ కాకుండా వంటగది ఉన్న చిన్న ఫ్లాటు చూడండి, అత్తయ్యగారికి మనసు కుదుటపడుతుంది.

కాజీపేట కుర్రాడు (బెంగళూరు):
అన్నా, అంతా ఒప్పుకుంటా, ఒక్క చోట తప్ప. కోచ్‌లు కట్టిన మనిషి అక్కడ రాత్రి రైలెక్కకుండా ఎలా వస్తాడు? వియన్నా నుంచి జూరిక్‌కి నైట్‌జెట్ అనే రాత్రి రైలు ఉంది. పాస్ ఉన్నా బెర్త్‌కి విడిగా కట్టాలి, ఎక్కే రోజు ఒక్కటే పాస్‌లో ఖర్చవుతుంది. బెర్త్, దుప్పటి, పెట్టెల్ని కలిపే కప్లింగు అన్నీ ఆయనకి చూడాలనిపించవా?

యశ్వంతపూర్ ప్రయాణికుడు:
తమ్ముడూ, ఆ దారి రాత్రి పోతే ఆర్ల్‌బెర్గ్ అంతా చీకట్లో పోతుంది. అమ్మగారి మోకాళ్లు కూడా గుర్తుపెట్టుకో. కప్లింగు చూడాలంటే వియన్నా ప్లాట్‌ఫారం మీద సాయంత్రం ఒక గంట నిలబడితే చాలు.

అన్నట్టు మరచిపోయాను. జూరిక్‌లో ఒక రోజు మిగిలితే ఆల్ప్స్ కొండలెక్కే పాత గొట్టార్డ్ రైలు లైనుకి వెళ్లండి. 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల కొత్త సొరంగంలో చూడ్డానికేమీ ఉండదు. ట్రెనో గొట్టార్డో అనే రైలు పాత దారిలో కొండెక్కుతుంది. వాసెన్ ఊరి చర్చి మూడుసార్లు కనిపిస్తుంది, మొదట మనకంటే పైన, తర్వాత ఎదురుగా, చివరికి కింద. కొండలోపల గుండ్రంగా తిరిగే సొరంగాల వల్ల అలా. ఆ లెక్క నాన్నగారే మీకు విడమరచి చెబుతారు చూడండి.

విల్లివాక్కం అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ప్యారిస్, బెర్లిన్ తీసేశాను. నాన్నకి మ్యాప్ చూపించాను, ష్లీరెన్ మూతపడిన సంగతీ చెప్పాను. "స్టేషన్ ఉంది కదా" అన్నారు. జూరిక్‌లో ఎక్కువ రాత్రులు ఉంటాం, స్విస్ వీసాకే పెడుతున్నాను. ఇంకొక్క మాట: వియన్నా–జూరిక్ రైలుకి సీట్లు ముందే రిజర్వ్ చేయాలా?

యశ్వంతపూర్ ప్రయాణికుడు:
తప్పనిసరి కాదు, కానీ పెద్దవాళ్లున్నారు కాబట్టి చేయించండి, కొద్ది యూరోలే. ప్లాట్‌ఫారం మీద ఎ, బి, సి అని సెక్టార్లు రాసి ఉంటాయి. మీ కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు చూసి, పది నిమిషాల ముందే అక్కడ నిలబడండి.