అప్‌డేట్: సెబెంజా కొనేశాను

ఇక్కడ అమెరికాలో క్రిస్ రీవ్ వాళ్ల సెబెంజా 31 అనే మడత కత్తికి 400 డాలర్లు పైనే పెట్టొచ్చా అని అడిగాను కదా. చాలామంది వద్దన్నా కొనేశాను. పనితనానికి వంక పెట్టలేం. టైటానియం పిడి, తెరిచాక బ్లేడు ఇసుమంత కూడా ఊగదు. అలెన్ కీతో మొత్తం విప్పి, తుడిచి, గ్రీజు రాసి బిగించాను. బ్లేడు మళ్లీ సరిగ్గా నడిమధ్యకే వచ్చింది.

కానీ ఆపిల్ కోయాలంటే మా ఆవిడ ఇప్పటికీ ఒపినెల్ నంబర్ 8 అనే చెక్క పిడి మడత కత్తినే తీస్తుంది. దాని బ్లేడు పల్చన, సాఫీగా దిగుతుంది. సెబెంజా మందం, కాయను కోయడం కంటే చీల్చడమే ఎక్కువ. ఒపినెల్‌తో చిక్కల్లా తడిస్తే చెక్క పిడి ఉబ్బి, తెరవడానికి గోళ్లు అరగడమే. కోత కోసమే అయితే ఇంత డబ్బు దండగ. మెషీన్ పని చూసి మురిసిపోయే నాలాంటి పిచ్చివాళ్లకైతే ఓకే. నేనైతే దీన్ని అమ్మను.