యాంటీబయాటిక్‌తోని విరేచనాలు, ప్రోబయోటిక్ పొడి నిజంగ పని చేస్తదా?

ప్రశ్న (నర్సంపేట):
మా నాయినకు కాలు పుండయితే యాంటీబయాటిక్ గోలీలు రాసిన్రు, మూడో రోజు నుంచి నీళ్ళ లెక్క విరేచనాలు, దినానికి ఐదారు సార్లు, మనిషి మొత్తం గుంజుకపోయిండు. మెడికల్ షాపుల ప్రోబయోటిక్ పొడి ప్యాకెట్లు ఇచ్చిన్రు. మా అమ్మ పొద్దుగాల ఆ పొడి పొగలొచ్చే పాలల్ల కలిపి, ఆ పాలతోనే యాంటీబయాటిక్ గోలీ గూడ మింగిస్తున్నది. రెండు రోజులైంది, ఏం ఫరక్ లేదు. ఇంట్ల పెరుగు పెడితే సరిపోదా?

జవాబు (హన్మకొండ, ఫార్మసిస్ట్‌ని):
అన్నా, పొడిల ఉన్నయి బతికున్న సూక్ష్మజీవులు, అవి బతికి పేగులదాంక పోతెనే పని, మసిలే పాలల్ల ఏస్తే ఆడనే సచ్చిపోతయ్. మామూలు నీళ్ళల్ల కలపుమను. ఇంకోటి, ప్యాకెట్ మీద పేరు చూడు. లాక్టోబాసిల్లస్ అని ఉంటే అది బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ దాన్ని గూడ సంపుతది, గందుకే గోలీకి కనీసం రెండు గంటలు ఎడం ఉండాలె. సాకరోమైసిస్ బౌలార్డి అని ఉంటే అది ఈస్ట్, అంటే బ్యాక్టీరియా కాదు, ఒక రకం శిలీంధ్రం, గందుకే యాంటీబయాటిక్ దాన్నేం చెయ్యదు. 1920లల్ల ఆన్రి బౌలార్డ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఇండోచైనాల లిచీ, మాంగోస్టీన్ తొక్కల నుంచి దాన్ని తీసిండు. యాంటీబయాటిక్ విరేచనాలకు ప్రోబయోటిక్స్ కొంత పని చేస్తయని తేలింది గాని, గ్యాసుకు, కడుపుబ్బరానికి అందరు అదే కొనుక్కపోతుంటె నాకు బాధయితది, అన్ని రకాలు అన్నిటికి పని చెయ్యయి.

జవాబు (పరకాల):
తమ్మీ, ముందుగాల ఓఆర్ఎస్ తాపియ్యి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్ళల్ల మొత్తం ఒక్కసారే కలపాలె, సగం సగం కలపొద్దు. పెరుగు పెట్టు, మంచిదే, పాలు పడనోళ్ళకు గూడ పెరుగు పడుతది, పాలల్ల ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుట్ల పెరుగు బ్యాక్టీరియా సాయం చేస్తది. మేమైతే గట్కల సల్ల పోసి పెడుతం. కాని మందుకు బదులు పెరుగు అనుకోకు, ఇంకా మరిగించిన మజ్జిగ చారుల బతికున్నయి ఏం మిగలయి.

జవాబు (కాజీపేట):
పెద్ద మనిషి, ఐదారు సార్లంటే తక్కువేం కాదు, ఇయ్యాల్నే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. నెత్తురు పడినా, జరమొచ్చినా అస్సలు ఆగొద్దు, యాంటీబయాటిక్ తర్వాత క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగితే గిట్లనే అయితది, పొడితోని తగ్గదు. విరేచనాలు ఆపే గోలీలు మీ అంతట మీరు ఏయకున్రి. మా చిన్నమ్మకు కీమో నడిచేటప్పుడు ప్రోబయోటిక్ వద్దే వద్దన్నరు, రోగనిరోధక శక్తి పడిపోయినోళ్ళకు అవి నెత్తుట్లకు పోయే ప్రమాదం ఉంటదట.

ప్రశ్న అడిగిన నేనే:
అందరికీ దండాలు. ప్యాకెట్ మీద లాక్టోబాసిల్లస్ అనే ఉన్నది. గోలీ ఎనిమిదింటికి, పొడి పదకొండింటికి సల్లటి నీళ్ళల్ల అని అమ్మకు చెప్పిన. డాక్టర్‌కు ఫోన్ చేసిన, సాయంత్రం తోలుకరమ్మన్నడు.