దవాఖానల చావుకు కారణం రాసే ఫారం 4లో 'కార్డియాక్ అరెస్ట్' (గుండె ఆగుడు) అని మాత్రమే రాస్తే ఏమైతది?

ప్రశ్న (హనుమకొండ):
షుగర్ పేషెంట్, కాలు కుళ్లి, ఆ ఇన్ఫెక్షన్ ఒళ్లంత పాకి సెప్సిస్‌తో దవాఖానల చనిపోయిండు. ఫారం 4ల "కార్డియాక్ అరెస్ట్" అని ఒక్క ముక్కే ఉన్నది. దేశం లెక్కల్ల ఇది దేని కింద పడుతది? ఇంట్ల పోయినోళ్ల కారణం ఎట్ల తెలుస్తది?

జవాబు 1:
అన్నా, ఐసీడీ-10ల (జబ్బులకు కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ పట్టిక) గుండె ఆగుడు కోడ్ ఐ46 కింద పడుతది, షుగర్ లెక్కకే రాదు. గుండె ఆగుడు చావు తీరు, కారణం కాదు. మొదటి భాగంల (ఎ) సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ పడిపోవుడు), (బి) కాలి గ్యాంగ్రీన్ (కుళ్లుడు), (సి) టైప్ 2 డయాబెటిస్ అని, పై లైన్‌కు కింది లైన్ కారణమయ్యేటట్టు రాయాలె. పక్కన ఎంత కాలం సంది ఉన్నదో కూడా: 2 రోజులు, 3 వారాలు, 12 ఏండ్లు. ఈ గొలుసుల లేకున్నా చావుకు తోడైన జబ్బు, మాటకు ఆస్తమా, రెండో భాగంలకు పోతది. వరుస సరిగ్గ ఉంటే లెక్కకు తీసుకునేది అట్టడుగు లైనే. చాలా ఫారాలల్ల ఖాళీగ ఉండేది గదే, బాధంతా గక్కడనే.

జవాబు 2:
ఇంట్ల పోతే, ఆఖరు జబ్బుకు చూసిన డాక్టర్ ఫారం 4ఎ (దవాఖాన బయట చనిపోయినోళ్లకు కారణం రాసే ఫారం) ఇయ్యాలె. డాక్టరే చూడకపోతే మరణం నమోదైతది గని వైద్య ధ్రువీకరణ ఉండదు. ఆ లోటును కొంత పూడ్చేది శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అనే కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే. ఎంపికైన ఊళ్లల్ల సర్వేయర్ ఇంటికొచ్చి జ్వరం ఎన్ని రోజులు, దమ్ము వచ్చిందా అని అడిగి రాసుకుంటడు. అది చదివి ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగ చావు కారణానికి కోడ్ ఇస్తరు. పొత్తు కుదరకుంటే మూడో డాక్టర్ తేలుస్తడు.

ప్రశ్న అడిగినవారు:
ఫారం కాపీ మాకు ఇస్తరా?

జవాబు 1:
ఇయ్యాలె. 1969 జనన మరణాల నమోదు చట్టానికి 2023ల చేసిన సవరణ ప్రకారం దగ్గరి బంధువుకు కాపీ ఇచ్చుడు దవాఖాన బాధ్యత.