టార్క్ రెంచ్‌ను ఇంట్లోనే సరిచూసుకోవడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఇంటి వసారాలోనే ద్విచక్ర వాహనాల మరమ్మతు చేస్తుంటాను. ఏడాది క్రితం పాత సామాన్లలో కొన్న క్లిక్ రకం టార్క్ రెంచ్ (పెట్టిన అంకె మేరకు బిగింపు రాగానే క్లిక్‌మనే పానా) నా దగ్గర ఉంది. 20 నుండి 100 న్యూటన్ మీటర్ల (మెలితిప్పే బలానికి కొలత) వరకు పనిచేస్తుంది. గత వారం ఒక బండి ఇంజన్ నూనె వదిలే డ్రైన్ బోల్టును 25 దగ్గర పెట్టి బిగిస్తుండగా, క్లిక్‌మనక ముందే ఇంజన్ అడుగున ఉన్న అల్యూమినియం మర ఒలుచుకుని వచ్చేసింది. బోల్టుకు వెండి తీగలా చుట్టుకున్న ఆ ముక్కను చూసి ప్రాణం ఉసూరుమంది. కొత్త మర నా ఖర్చుతోనే వేయించాను గాని, రెంచ్ మీద నమ్మకం పోయింది. ప్రయోగశాలలో చూపించాలంటే విశాఖపట్నం వెళ్లాలి. ఇంట్లోనే సరిచూసి సవరించుకునే మార్గం ఉందా?

జవాబు (రాయగడ)

ఉందండీ. బరువు, దూరం తెలిస్తే చాలు; కిలోల బరువును 9.81తో, మీటర్లలో దూరంతో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. రెంచ్ చదరపు మొనను బెంచి వైస్‌లో నేలకు సమాంతరంగా బిగించి, రెంచ్ వీపు మీ వైపు, పిడి మీ కుడి వైపు ఉండేలా చూసుకోండి. అప్పుడు వేలాడే బరువు బిగించే దిశలోనే లాగుతుంది. పిడి మట్టంగా ఉన్నదీ లేనిదీ తాపీ మేస్త్రీల రసమట్టంతో చూడండి. పిడి మధ్యలో గీత ఉంటే సరిగ్గా దాని మీదే తాడు కట్టాలి, ఎందుకంటే క్లిక్ రకంలో బరువు పడే చోటు జరిగితే ఫలితమూ కొంత మారుతుంది.

తాడుకు ఖాళీ బకెట్ కట్టి, క్లిక్‌మనే వరకు చెంబుతో నీళ్లు పోయండి. చివర్లో ధార సన్నగా ఉండాలి. తరువాత తాడుతో సహా బకెట్‌ను తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిరాణా కాటా మీద తూచండి. రెంచ్ సొంత బరువును మరచిపోకూడదు: కత్తి అంచు మీద నిలిపి గురుత్వ కేంద్రం కనిపెట్టి, మొన నుండి అక్కడికి ఉన్న దూరంతో లెక్క కట్టి కలపాలి. నా రెంచ్ 1.3 కిలోలు, కేంద్రం 18 సెంటీమీటర్ల దగ్గర, అంటే 2.3 న్యూటన్ మీటర్లు. పిడి గీత 42 సెంటీమీటర్ల దూరంలో ఉంది కనుక 60 దగ్గర 14 కిలోలకు క్లిక్‌మనాలి.

ముందుగా గరిష్ఠం దగ్గర అయిదుసార్లు క్లిక్ చేయించి, ఆపైన 20, 60, 100 దగ్గర మూడేసి సార్లు కొలవండి. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6789 ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచ్‌లకు 4 శాతం అటూ ఇటూ అనుమతి. బకెట్ కింద కాళ్లు పెట్టకండి.

జవాబు (బరంపురం)

పై పద్ధతి సరైనదే, కాని నేరం మొత్తం రెంచ్ మీద వేయకండి. బిగించే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగిలినదంతా తల కింద, మరల మధ్య ఒరిపిడికే పోతుంది. పొడి మరకు చెప్పిన అంకెను నూనె పట్టిన మరకు వాడితే, రెంచ్ నిజమే చెప్పినా బోల్టు మీద బిగువు బాగా పెరుగుతుంది. డ్రైన్ బోల్టు ఎప్పుడూ నూనెలో తడిసే ఉంటుంది కనుక తుడిచి బిగించడం నాకు అలవాటు. అలాగే కనెక్టింగ్ రాడ్, హెడ్ బోల్టులకు మాత్రం బకెట్ లెక్కను నమ్ముకోవద్దని నా మనవి. వాటికి విశాఖ వెళ్లిరావడమే మేలు.

ప్రశ్న వేసినవారు (పర్లాకిమిడి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా రెంచ్ కొలతలూ మీవాటిలాగే ఉన్నాయి. 60 దగ్గర 15.5 కిలోలకు గాని క్లిక్‌మనలేదు, అంటే 66. 20 దగ్గర 26, 100 దగ్గర 106 వచ్చాయి. మూడు చోట్లా తేడా ఇంచుమించు 6 కనుక, స్ప్రింగ్ బలహీనపడలేదని, మొదటి అమరికే జరిగిందని అనుకుంటున్నాను. సవరించడం ఎలా?

జవాబు (రాయగడ)

మీ ఊహ సరైనదే. పిడి చివర మూత తీస్తే చాలా రెంచ్‌లలో అలెన్ స్క్రూ (తలలో ఆరు పలకల గుంట ఉన్న మర) కనిపిస్తుంది. మీది ఎక్కువ బలానికి క్లిక్‌మంటోంది కాబట్టి స్ప్రింగ్ వదులయ్యే వైపు పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ మూడు చోట్లా తూచండి. పని ముగిశాక రెంచ్‌ను కనిష్ఠ గీతకు, అంటే 20కి తెచ్చి పెట్టండి, అంతకన్నా కిందికి తిప్పకండి. బోల్టులు విప్పడానికి దాన్ని వాడకండి.

ప్రశ్న వేసినవారు (పర్లాకిమిడి)

రెండుసార్లు పావు చుట్టు తిప్పాక 60 దగ్గర 14.2 కిలోలకు, 100 దగ్గర 24.1 కిలోలకు, 20 దగ్గర 4.4 కిలోలకు క్లిక్‌మంటోంది. మూడూ 4 శాతం లోపే ఉన్నాయి. మూత కింద పిడికి, స్క్రూకు మధ్య గోళ్ల రంగుతో గీత గీశాను; స్క్రూ కదిలితే తెలిసిపోతుంది.