పాత ల్యాప్‌టాప్‌ల ముందు ఎస్‌ఎస్‌డీ వెయ్యాల్నా, ర్యామ్ పెంచాల్నా?

ప్రశ్న (హన్మకొండ)
అందరికి నమస్తే. ఐ5 ఎనిమిదో తరం ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 11. ఆన్ చేసినంక చానాసేపు ఏదీ తెరుచుకోదు, టాస్క్ మేనేజర్ల డిస్క్ 100 శాతం చూపిస్తది. తమ్మునికి బీటెక్ కోడింగ్‌కు కావాలె. ఇప్పుడైతే ఒక్కదానికే పైసలున్నయి. సామాను సికింద్రాబాద్ సీటీసీల (కంప్యూటర్ సామాన్ల కాంప్లెక్స్) తీసుకుంట, బిగించుడు ఇంట్లనే. ముందు ఏది? ఎక్కడ తప్పు జరుగుతదో గూడ చెప్పుండ్రి.

జవాబు 1 (కాజీపేట)
ముందు ఎస్‌ఎస్‌డీనే (తిరిగే భాగాలు లేని, హార్డ్‌డిస్క్ కంటే చాలా వేగమైన స్టోరేజ్), అనుమానం వద్దు. 4 జీబీ నిండగానే విండోస్ మిగిలినదంతా డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో రాసుకుంటుంది. మామూలు ఫైళ్ల పనికి ఇది తోడవడంతో తిరిగే హార్డ్‌డిస్క్ తట్టుకోలేక 100 శాతానికి అంటుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ఈ రెండు పనులూ చాలా త్వరగా చేస్తుంది.

కొనేముందు స్లాట్ సంగతి తేల్చుకోండి. ఆ తరం ల్యాప్‌టాప్‌లలో కొన్నింటి ఎం.2 స్లాట్ (బోర్డు మీద కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) సాటా అనే పాత, నెమ్మది రకమే తీసుకుంటుంది. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం కార్డు అందులో చక్కగా కూర్చుంటుంది కానీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెటప్ తెర) కనపడదు. గాడి చూసి నమ్మొద్దు. మీ మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దించుకుని చదవండి. పొడవు కూడా చూడాలి, ఎక్కువగా 2280, అంటే 80 మి.మీ. ఎన్‌వీఎంఈ పడుతుందంటే జెన్ 3 (మూడో తరం) కార్డు చాలు. జెన్ 4 వేసినా ఈ ప్రాసెసర్ మీద జెన్ 3 వేగమే వస్తుంది, ఎక్కువ డబ్బు దండగ. ఎం.2 స్లాటే లేకపోతే 7 మి.మీ. మందం ఉన్న 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీని హార్డ్‌డిస్క్ స్థానంలో పెట్టండి.

విప్పేముందు టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, కింది మూత ఉబ్బిందా చూడండి. అలా ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే, ముందు దాన్ని మార్పించాలి, నొక్కకూడదు, గుచ్చకూడదు.

జవాబు 2 (కరీంనగర్)
పాత డిస్క్‌ను క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చెయ్యకండి. 1 టీబీ నుంచి 512 జీబీ లాంటి చిన్న ఎస్‌ఎస్‌డీకి అంటే పార్టిషన్ (డిస్క్‌లో చేసిన భాగం) కుదించాలి, పైగా పాత చెత్తంతా వెంట వస్తుంది. కొత్తగా విండోస్ వేసుకోవడమే మేలు. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. యాక్టివేషన్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి కీ మళ్లీ కొనే పని లేదు. పెన్‌డ్రైవ్ తయారయ్యాక వై-ఫై డ్రైవర్ అందులోనే వేసుకోండి, సెటప్ మధ్యలో నెట్ అడుగుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, అది లేకుంటే పాత డిస్క్‌లోని ఫైళ్లు తెరుచుకోవు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకెయ్యాలి. రెండూ ఉంటే బూట్ ఫైళ్లు (విండోస్‌ను లేపేవి) పాతదాని మీదనే ఉండిపోవచ్చు. తర్వాత దాన్ని తీసినా, ఫార్మాట్ చేసినా ల్యాప్‌టాప్ లేవదు.

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, మూత విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. స్క్రూలు పొడవులో తేడా ఉంటాయి, ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు ప్లాస్టిక్ పగులుతుంది. మూత రాకపోతే రబ్బరు కాళ్ల కింద ఇంకో స్క్రూ ఉందేమో చూడండి, బలంగా లాగొద్దు.

ప్రశ్న అడిగినవారు
థ్యాంక్స్ అన్నా. టాస్క్ మేనేజర్ల ర్యామ్ స్లాట్లు "2లో 1 వాడుకలో ఉంది" అని చూపిస్తున్నది. తర్వాత 8 జీబీ వేస్తే 4తోని కలుస్తదా?

జవాబు 1 (కాజీపేట)
కలుస్తుంది, మొత్తం 12 జీబీ. అందులో 8 జీబీ డ్యూయల్ ఛానల్‌లో (రెండు దారుల్లో, వేగంగా), మిగతా 4 సింగిల్‌లో నడుస్తుంది. కోడింగ్‌కు ఆ తేడా తెలియదు. ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోన్ యాప్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) వేస్తాడంటే మాత్రం ర్యామ్ ఎక్కువ రోజులు వాయిదా వెయ్యకండి. డీడీఆర్4 ల్యాప్‌టాప్ రకం, 260 పిన్లు, 1.2 వోల్టులు అని అడగండి. 3200 వేగంది ఇచ్చినా తీసుకోండి, మీ ల్యాప్‌టాప్ వేగానికి (ఎక్కువగా 2400) తగ్గి నడుస్తుంది. కొన్ని మోడళ్లలో డీడీఆర్4 బదులు ఎల్‌పీడీడీఆర్ (తక్కువ కరెంటు వాడే ర్యామ్) బోర్డుకే అతికించి వస్తుంది, మీకు ఖాళీ స్లాట్ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. ర్యామ్‌ను దాదాపు 30 డిగ్రీల వంపులో పూర్తిగా లోపలికి దూర్చి, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా కిందికి నొక్కండి. మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండొచ్చు. ఒకటి రెండు నిమిషాలు ఆగండి, కంగారులో ఆపెయ్యొద్దు.