ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉన్నా కింద నుంచే రోడ్డు దాటేవాళ్లకి ఫైన్ వేయాలా వద్దా?

కూకట్‌పల్లి_కార్తీక్:
రోజూ మియాపూర్ నుంచి అమీర్‌పేట్ దాకా కారులో పోతా. రాత్రి తొమ్మిది దాటితే చాలు, మెట్రో పిల్లర్ల మధ్యలోంచి మనుషులు ఒక్కసారిగా రోడ్డు మీదకి వచ్చేస్తారు, పిల్లర్ వెనక ఉన్నంతసేపు కనపడరు, కనపడేసరికి బండి ముందే ఉంటారు. ముదురు రంగు చొక్కా, చెవి దగ్గర ఫోన్, ఇటు చూస్తే ఎదుటి బండి హైబీమ్ కళ్లల్లో కొడుతుంటది... ఎంత జాగ్రత్తగా నడిపేవాడైనా ఏం చేస్తాడు? మెట్రో స్టేషన్ ఎక్కి టికెట్ లేకుండానే అటువైపు దిగొచ్చు, చాలామందికి ఆ సంగతే తెలీదు. తెలిసీ ఎక్కనివాళ్లకి ఫైన్ వేయాల్సిందే అంటా నేను. హెల్మెట్ కూడా చలాన్లు పడ్డాకే కదా పెట్టుకున్నారు జనం.

నిజాంపేట్_లక్ష్మి:
కార్తీక్ గారూ, మా అత్తగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మా బస్టాప్ దగ్గర బ్రిడ్జి లిఫ్టు ఎప్పుడు చూసినా బందే. మెట్లెక్కాలంటే నాలుగు మెట్లకోసారి ఆగి రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంటుంది ఆవిడ, చీకటి పడితే పైన లైట్లుండవు, ఆడవాళ్లం ఒక్కళ్లమే ఎక్కాలంటే భయం. ఆవిడకీ ఫైనేనా? స్టేషన్ మీంచి దాటొచ్చన్నారు, బాగానే ఉంది, మరి రోడ్లు ఊడ్చే అమ్మలు తెల్లారకముందే డ్యూటీకొస్తారు, మెట్రో మొదలయ్యేదేమో ఆరింటికి. షట్టర్ వేసున్న స్టేషన్ మీంచి ఎట్లా దాటాలి వాళ్లు?

నల్గొండ_ఇంజనీర్:
లక్ష్మి గారి పాయింట్ కరెక్ట్. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్లే, వీళ్లందరూ బ్రిడ్జి వదిలేసి దాటినవాళ్లు కాదు కదా. రెండు పక్కలా షాపులు, బస్టాపులు ఉన్న రోడ్డులో మనిషి దగ్గర దారే చూసుకుంటాడు, అది బద్ధకం కాదు. అసలు సంగతి బండి స్పీడు. 30లో తగిలితే ఎక్కువమంది బతికి బయటపడతారు, 50 దాటిందంటే ప్రాణం పోయే అవకాశం చాలా రెట్లు పెరుగుతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లాంటి రోడ్లకి బ్రిడ్జిలు, అండర్‌పాస్‌లు తప్పవు, సిటీ లోపల మాత్రం నేల మీదే సిగ్నల్ ఇవ్వాలి. అదీ పేరుకి ఇస్తే లాభం లేదు, మామూలుగా సెకనుకి 1.2 మీటర్ల నడక లెక్కేసి టైమ్ పెడతారు, అంటే 30 మీటర్ల రోడ్డుకి 25 సెకన్లు కావాలి, పెద్దవాళ్లకి ఇంకా ఎక్కువ. పది సెకన్లు ఇస్తే సగం రోడ్డు కూడా దాటరు.

కూకట్‌పల్లి_కార్తీక్:
అన్నా, ఇక్కడ జీబ్రా గీతల మీద ఆగేదెవరు? మనం ఆగితే వెనకోడు హారన్ కొడతాడు, పక్క లేన్‌లోవాడు ఆపకుండా పోతాడు, మనల్ని చూసి ధైర్యంగా అడుగేసిన మనిషి వాడి బండి కింద పడతాడు. నేల మీద దాటించడం బ్రిడ్జి కంటే డేంజర్ అనేది అందుకే.

నల్గొండ_ఇంజనీర్:
ఆగాలని రూల్ ఎప్పుడో ఉంది తమ్ముడూ. 2017 మోటార్ వెహికల్స్ డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనే జీబ్రా దగ్గర నడిచేవాళ్లకి దారివ్వాలని రాశారు. ఉత్త పెయింట్ పూస్తే ఎవడూ ఆగడు, క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపితే బండి దానంతట అదే స్లో అవుతుంది, దానికి తోడు మధ్యలో నిలబడే జాగా, పైన మంచి లైటు, స్టాప్ లైన్ మీద కెమెరా ఉండాలి. నువ్వు చెప్పిన ఫైన్ ముందు అక్కడ పడాలి. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 కిందకే వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, మన దగ్గర ఫుట్‌పాత్ మీద చూస్తే ట్రాన్స్‌ఫార్మర్, బైకులు, షాపు బోర్డు.

బోరబండ_సైకిల్:
సైకిల్ సంగతి ఎవ్వరూ మాట్లాడట్లే. నేను మాదాపూర్‌ల సెక్యూరిటీ డ్యూటీకి సైకిల్ మీదనే పోతా. ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్లు సోలార్ కప్పు ఏసి ట్రాక్ కట్టిన్రు, 2023ల ఓపెన్ అయింది, మంచిదే, గని అది మా తొవ్వల లేదు. సైకిల్ మోసుకుంట బ్రిడ్జి ఎక్కుతమా? యూటర్న్ శానా దూరముంటది, అందుకే మావోళ్లు రాంగ్ రూట్ల వస్తరు, అదే పానం తీస్తది. అన్నలు, ఎనక మడ్‌గార్డుకి రేడియం స్టిక్కర్, సీటు కింద ఎర్ర లైటు పెట్టుకోండ్రి. బస్టాప్ కాడ బస్సుకి ఎడమ పక్క నుంచి దూరకుండ్రి, డ్రైవర్‌కి మీరు కనపడరు. నిలబడ్డ కార్లకి ఆనుకొని పోకుండ్రి, డోర్ తీస్తే పోయి లారీ ముంగట పడతరు.

కూకట్‌పల్లి_కార్తీక్:
లిఫ్టు పనిచేస్తూ, లైట్లుండి, పొద్దున నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా తెరిచి ఉంటే, అప్పుడు కూడా కింద నుంచి దాటే కుర్రాళ్లకి ఫైన్ ఉండాలి. ఈ మాట మీదే ఉంటా.

నిజాంపేట్_లక్ష్మి:
ఆ లిఫ్టు ముందు నడవనివ్వండి కార్తీక్ గారూ, ఫైన్ గురించి తర్వాత మాట్లాడదాం. సోమవారం వార్డ్ ఆఫీసులో అర్జీ ఇస్తున్నాం, లిఫ్టుకీ పైన లైట్లకీ కలిపి. మీరూ వచ్చి సంతకం పెట్టండి.